బిడ్డ వైకల్యం ఎల్‌ఐసీ పాలసీ కాదు

ఫిబ్రవరి జీతం బిల్లు పెట్టే ముందు అనంతపురం జిల్లా బడుల్లో స్టాఫ్ రూమ్‌లన్నీ ఆదాయపు పన్ను (ఐటీ) లెక్కలతోనే గడుస్తాయి. ఎక్సెల్ షీట్ తెరవడం, జీతం అంకెలు కొట్టడం, మినహాయింపులున్న పాత పన్ను విధానమో, రేట్లు తక్కువున్న కొత్త విధానమో, ఏది తక్కువొస్తే అది ప్రింట్ తీసి జీతాల బిల్లు పెట్టే అధికారి డీడీవోకు ఇవ్వడం. నాకు ఆ షీట్ కాస్త అలవాటు కాబట్టి పది మందివి నేనే వేసిస్తాను. ఈసారి ఒక తోటి ఉపాధ్యాయుడు పే స్లిప్పులతో పాటు ప్లాస్టిక్ కవర్లో పెట్టిన సదరం సర్టిఫికెట్ (ప్రభుత్వం ఇచ్చే వైకల్య ధ్రువపత్రం) కూడా తెచ్చాడు. కొడుక్కి తొమ్మిదేళ్లు. ఆటిజం, 80 శాతం. "సార్, దీనికి పన్నులో ఏమన్నా తగ్గుతుందంట కదా?" అన్నాడు.

చట్టంలో ఆ వెసులుబాటు ఉంది. 1961 ఆదాయపు పన్ను చట్టం 80డీడీ సెక్షన్ ప్రకారం మనమీద ఆధారపడిన జీవిత భాగస్వామి, పిల్లలు, తల్లిదండ్రులు, తోబుట్టువుల్లో ఎవరికైనా 40 శాతం వైకల్యం ఉంటే 75 వేలు, 80 శాతం గానీ అంతకు మించి గానీ ఉంటే లక్షా 25 వేలు ఆదాయంలోంచి తీసేయొచ్చు. ఎంత ఖర్చయిందన్న దాన్నిబట్టి ఈ మొత్తం మారదు. వైకల్యం ఉన్న మనిషే సంపాదించుకుంటుంటే 80యూ కింద అంతే మొత్తం. ఇవన్నీ షీట్లో నింపాను.

ఆయన జీతం ఏడాదికి 14 లక్షలు. పాత విధానంలో జీతం వాళ్లందరికీ ఇచ్చే స్టాండర్డ్ డిడక్షన్ 50 వేలు, పొదుపులకు లక్షన్నర, బిడ్డకు లక్షా 25 వేలు తీసేస్తే 10.75 లక్షలు మిగిలింది. దాని మీద పన్ను, సెస్సుతో కలిపి 1,40,400. కొత్త విధానంలో 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ తప్ప ఇంకేమీ తీయకుండానే పన్ను 81,900. ఏది ఎంచుకుంటాడు? కొత్తదే. సర్టిఫికెట్ మళ్లీ కవర్లోకి వెళ్లిపోయింది.

మినహాయింపు ఉన్న దారిలో పోతే దాదాపు 60 వేలు ఎక్కువ కట్టాలి. తక్కువ పన్ను ఉన్న దారిలో బిడ్డ లెక్కలోకే రాడు. అదే లక్షా 25 వేలు కొత్త విధానంలోనూ తీయనిస్తే? స్టాండర్డ్ డిడక్షన్ పోగా మిగిలిన 13.25 లక్షల్లోంచి తీస్తే సరిగ్గా 12 లక్షలు. 12 లక్షల దాకా పన్ను మాఫీ చేసే రిబేటు వర్తించి పన్ను సున్నా అయ్యేది.

కొత్త విధానం వెనక ఉన్న ఆలోచన నాకు అర్థమవుతుంది. రేట్లు తగ్గిస్తాం, బదులుగా మినహాయింపులు వదులుకోండి అన్నారు. ఎల్‌ఐసీ, పీపీఎఫ్ వదులుకోవడంలో అన్యాయం లేదు. పీపీఎఫ్‌లో వేసిన డబ్బు వడ్డీతో సహా మళ్లీ మన చేతికే వస్తుంది. స్పీచ్ థెరపీకి కట్టిన డబ్బు రాదు. ఆ సార్ ఒక్కో సెషన్‌కు 500 ఇస్తున్నాడు. వారానికి మూడు. ఏడాదికి 78 వేలు. ఆక్యుపేషనల్ థెరపీ, బెంగళూరు ప్రయాణాలు, వాడిని చూసుకోవడానికి భార్య మానేసిన ఉద్యోగం ఇందులో కలపలేదు. పక్క టేబుల్ దగ్గర అదే జీతం తీసుకునే మాస్టారికి ఈ ఖర్చు లేదు. ఇద్దరికీ చేతిలో మిగిలేది ఒకటే అని కొత్త విధానం అనుకుంటోంది. నా అభ్యంతరమంతా అక్కడే.

ఈ విధానానికి వైకల్యం అసలు తెలియదా అంటే, తెలుసు. చూపు లేని, వినికిడి లేని, కాళ్లూ చేతులకు వైకల్యం ఉన్న ఉద్యోగులకు నెలకు 3,200 దాకా రవాణా భత్యం మీద పన్ను మినహాయింపును కొత్త విధానంలోనూ ఉంచారు. మంచి పనే. కానీ అది ఉద్యోగికే. ఆటిజం ఉన్న బిడ్డను పెంచే తండ్రికి ఆ పాటి గుర్తింపు కూడా లేదు.

12.75 లక్షల లోపు జీతం వాళ్లకు ఎలాగూ పన్ను లేదు కదా అంటారు. నిజమే, వాళ్లకు ఈ గొడవ లేదు. ఆ గీత దాటినవాళ్ల సంగతే నేను చెబుతున్నది. ఇరవై, ఇరవై ఐదేళ్ల సర్వీసు ఉన్న టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు అందులో చాలామందే ఉంటారు. పాత విధానంలో ఉన్న ఈ వైకల్య మినహాయింపు మొత్తాలు కూడా 2015 బడ్జెట్‌లో 50 వేల నుంచి 75 వేలకు, లక్ష నుంచి లక్షా 25 వేలకు పెరిగినవి. తర్వాత కదల్లేదు. థెరపీ ఫీజులు మాత్రం ఆగలేదు.

ఇంటి అప్పు వడ్డీ, అద్దె లాంటివి బాగా ఉండి పాత విధానమే లాభమయ్యే కుటుంబాలు కొన్ని ఉన్నాయి. వాళ్లకు కాగితం దగ్గర చిక్కొస్తుంది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బహుళ వైకల్యాలకు సదరం సర్టిఫికెట్ ఒక్కటే చాలదు, 10-ఐఏ ఫారం కావాలి. న్యూరాలజిస్టే సంతకం పెట్టాలనుకుని కర్నూలుకో బెంగళూరుకో తిరుగుతుంటారు. ప్రభుత్వాసుపత్రి సివిల్ సర్జన్ గానీ, చీఫ్ మెడికల్ ఆఫీసర్ గానీ ఇచ్చినా చెల్లుతుంది. మళ్లీ పరీక్ష చేయించాలని సర్టిఫికెట్లో గడువు రాసి ఉంటే, అది దాటాక కొత్తది తెచ్చుకోవాల్సిందే.

అసలు సర్టిఫికెట్ దాకా రాని ఇళ్లు ఇంకా ఎన్నో. "వాళ్ల నాయనకూ మాటలు నిదానంగానే వచ్చినాయి, వీనికీ వస్తాయిలే" అని అవ్వలు అంటారు. రెండు మూడేళ్లు అట్లే గడిచిపోతాయి. బిడ్డ పేరు మీద ఆ కాగితం చూడటానికి తల్లిదండ్రులకు గుండె ఒప్పదు. వాళ్లను తప్పుపట్టలేను. అంత బాధ దిగమింగి తెచ్చిన కాగితాన్ని కొత్త విధానం చూడను కూడా చూడదని చెప్పాల్సి రావడం నాకు కష్టంగా ఉంది.

ఈ 80డీడీ సెక్షన్ మారదనేమీ లేదు. వైకల్యం ఉన్న పిల్లల కోసం కట్టిన పాలసీ డబ్బు తల్లిదండ్రులు చనిపోయాకే అందాలన్న షరతు మీద ఒక తండ్రి సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2019లో కోర్టు ఆ నిబంధనను కొట్టేయలేదు, ఆలోచించమని కేంద్రానికి సూచించింది. 2022 బడ్జెట్‌లో మార్చారు. తల్లిదండ్రులకు 60 ఏళ్లు నిండాక ఆ డబ్బు అందుకోవచ్చు. 2025లో పార్లమెంటు ఆమోదించిన కొత్త ఆదాయపు పన్ను చట్టంలోనూ వైకల్య మినహాయింపు పాత విధానం వైపే మిగిలిపోయింది. కొత్త విధానంలో అనుమతించే మినహాయింపుల వరసలో దీన్నీ చేర్చడానికి ఒక్క సవరణ సరిపోతుంది. ఉపాధ్యాయ సంఘాలు బడ్జెట్ ముందు ఇచ్చే వినతిపత్రాల్లో కరువు భత్యం (డీఏ), వేతన సవరణ (పీఆర్‌సీ) పక్కన ఈ ఒక్క లైన్ కూడా రాయాలని మా సంఘాన్ని ఈ నెల సమావేశంలో అడగబోతున్నాను.