బెంజి సర్కిల్లో ఇల్లరికం

బెజవాడలో మనిషి స్థాయి తెలియాలంటే పూర్వం ఎన్ని ఎకరాలని అడిగేవారు. ఇప్పుడు కారు ముందు ఏ గుర్తుందో చూస్తున్నారు. మా పెద్ద బావగారు ఈ సంగతి ముందే పసిగట్టి 2019లో గ్లాంజా తెచ్చారు. కొన్నారనకూడదు, టొయోటా వారితో సంబంధం కలుపుకున్నారనాలి.

"ఎదురింటాయనది మారుతీ సుజుకి బాలెనో. మనది టొయోటా" అని ఎదురింటికి వినపడేలా చెప్పారు. రెండూ గుజరాత్‌లోని ఒకే సుజుకి ఫ్యాక్టరీలో పుట్టాయని నేను అనలేదు. అక్క చేతి కాఫీ తాగుతూ అలాంటివి అనకూడదు. నిజానికి తేడా లేకపోలేదు. అప్పట్లో బాలెనోకు వారంటీ 2 ఏళ్ళు, 40,000 కిలోమీటర్లు. గ్లాంజాకు 3 ఏళ్ళు, లక్ష కిలోమీటర్లు. కవలల్లో దత్తత పోయినవాడికే బ్రహ్మ ఆయుష్షు ఎక్కువ రాశాడన్నమాట.

అసలు చిక్కంతా టొయోటా, సుజుకి ఇద్దరిలో ఎవరు చిన్న అన్న దగ్గరే ఉంది. ప్రపంచంలో టొయోటా పెద్ద మోతుబరి, ఏడాదికి కోటి బళ్ళు అటూ ఇటుగా అమ్ముతుంది. దాని ముందు సుజుకి నాలుగెకరాల రైతు. తీరా మన దేశానికొస్తే పది కార్లు అమ్ముడైతే నాలుగు మారుతీ సుజుకివే, టొయోటా వంతుకు నిండుగా ఒకటి కూడా రాదు. అంత మోతుబరీ ఇక్కడ ఇల్లరికపు అల్లుడు. మామగారింటి బ్రెజాను అర్బన్ క్రూజర్ అన్నాడు, ఎర్టిగాను రూమియన్ అన్నాడు, ఫ్రాంక్స్‌ను టైజర్ అన్నాడు. మామగారేం తక్కువ తిన్నారా? అల్లుడి ఇన్నోవా హైక్రాస్‌ను తెచ్చి ఇన్విక్టో అని బారసాల చేశారు. చదివింపులూ పద్ధతిగానే కుదిరాయి. 2019లో టొయోటా 9,600 కోట్ల యెన్‌లకు సుజుకి వాటాలు, సుజుకి అందులో సగానికి, 4,800 కోట్ల యెన్‌లకు, టొయోటా వాటాలు కొనేలా మాట్లాడుకున్నారు.

సుజుకి ఇంత జాగ్రత్తగా ఉండటానికి కారణముంది. అంతకుముందు ఫోక్స్‌వాగన్‌తో కలుపుకున్న సంబంధం చెడింది. 2009లో 19.9 శాతం వాటాకు ఒప్పుకొని వచ్చిన జర్మనీవారు, వార్షిక నివేదికలో సుజుకి మీద తమకు పలుకుబడి ఉన్నట్టు రాసుకున్నారు. మన లెక్కలో, శుభలేఖలోనే "మా మాట జవదాటని వియ్యంకులు" అని అచ్చు వేయించడం. ఎంత చిన్నవాడైనా పడతాడా? లండన్‌లో పంచాయితీ నడిచి 2015కి తెగింది. గుంటూరు పెద్దమనుషులకు అప్పగిస్తే మిరపకాయ బజ్జీల వేళకల్లా తేల్చేసేవారు.

నిస్సాన్ సంగతి మరీ పాపం. 2024 డిసెంబరు 23న హోండాతో విలీనం మాటలు మొదలుపెట్టింది. కొన్నాళ్ళకు హోండా "మా కింద అనుబంధ సంస్థగా ఉండు" అంది. ఫిబ్రవరిలో, మాఘమాసం పెళ్ళిళ్ళ నడుమ, సంబంధం తప్పిపోయింది. ఎవరిది తప్పో నేను చెప్పను. ధనుర్మాసంలో తాంబూలాల మాటెత్తితే ఏమవుతుందో మా అమ్మమ్మ చెప్పేది.

ఆ మాటకొస్తే పరాయి గుర్తు మీద మోజు మనకు కొత్తేం కాదు. టాటావారు 1954లో బెంజివారితో 15 ఏళ్ళ ఒప్పందం చేసుకొని లారీలు తయారుచేశారు. ఒప్పందం ముగిసి లారీ ముందు నక్షత్రం పోయినా, జనం నోట మాత్రం "టాటా బెంజి" చాలాకాలం నడిచింది. బావగారి వాదన కూడా అదే. ఊరి నడిబొడ్డున బెంజి సర్కిల్ పెట్టుకొని, దాని మీదుగా బాలెనోలో ఏ ముఖం పెట్టుకొని వెళ్తాం?

వారంటీ తీరింది కదా అని మొన్న ఆటోనగర్ తీసుకెళ్ళాం. మెకానిక్ బానెట్ ఎత్తి, లోపలికి తొంగి చూసి, "ఒరేయ్ చిన్నా, బాలెనో ఎయిర్ ఫిల్టర్ పట్రా" అని కేకేశాడు.

"ఇది టొయోటా బాబూ" అన్నారు బావగారు.

"తెలుసు సార్. అదే పడుద్ది."

అదే పడింది. ఎక్కడా మిల్లీమీటరు తేడా లేదు. బావగారు మాత్రం అటు చూడకుండా, ఎదురుగా ఒక లారీకి రంగులేస్తుంటే దాన్నే పరీక్షగా చూస్తూ నిలబడ్డారు. మెకానిక్ నూనె చేతులతోనే బిల్లు రాశాడు: బాలెనో ఫిల్టర్, 1.

"బాలెనో కొట్టేసి టొయోటా అని రాయి" అన్నారు బావగారు, కాస్త గొంతు తగ్గించి.

వాడు కొట్టేసి టొయోటా అని రాశాడు. పక్కనున్న అంకె కూడా కొట్టేసి వంద పెంచాడు. "టొయోటాకైతే రేటు ఇది సార్."

బావగారు మారుమాట లేకుండా వంద తీసిచ్చి, బిల్లు మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు.