పుట్టకొక్కు ముద్దు, ఉసిళ్లు వద్దా?

సింగపూర్ 2024 జులైలో 16 రకాల పురుగులను ఆహారంగా అమ్ముకోవచ్చని చెప్పింది. యూరప్ 2021లోనే ఎండబెట్టిన మీల్‌వార్మ్ అనే పిండిపురుగుకు అనుమతిచ్చింది. ఈ వార్తలు చదివి, మనమూ ఒకసారి రుచి చూద్దామనుకునే హైదరాబాదీలు నేరుగా ఇలకోళ్ల (కీచురాళ్ల) పొడి కోసం వెతుకుతారు. అక్కడే దారి తప్పుతున్నారు. తెలుగువాళ్లు మొదట తినాల్సింది తొలకరికి పుట్టలోంచి లేచే ఉసిళ్లు.

రోత అంటారా? వానాకాలంలో పుట్టకొక్కులు కనిపిస్తే బేరమాడకుండా కొంటాం. ఆ కొక్కును పెంచేది చెదలే. ఎండుటాకులు, పుల్లలు నమిలి, పుట్ట లోపల స్పంజిలాంటి గూళ్లు కట్టి, వాటిమీద బూజును సాగు చేస్తాయి. ఆ బూజే వాన పడగానే నేల చీల్చుకుని గొడుగై పైకొస్తుంది. రెక్కలొచ్చి ఎగిరే ఉసిళ్లు కూడా ఆ గూళ్ల మీద బతికిన చెదలే. పుట్ట ఒకటే, మేత ఒకటే. అలాంటప్పుడు ఒకటి కూర, ఇంకొకటి రోత ఎలా అవుతుంది?

వండటం తేలికే, జాగ్రత్తలే ఎక్కువ. దీపం కింద వెడల్పాటి బేసిన్‌లో నాలుగు వేళ్ల లోతు నీళ్లు పెడితే వచ్చి పడతాయి. వెంటనే వడకట్టాలి, రాత్రంతా నానితే కుళ్లు వాసన పట్టేస్తుంది. దీపానికి ఉసిళ్లొక్కటే రావు. ఒంటికి తగిలితే బొబ్బలెక్కించే పురుగు ఒక్కటి కలిసినా ప్రమాదమే, దాని విషం వేపినా విరగదు. అందుకే ఒక్కోదాన్నీ చూసి ఏరాలి. పొడిగుడ్డ మీద తడి ఆరాక, నూనె వేయని మూకుట్లో సన్నసెగ మీద కలుపుతూ వేపాలి. వాటి కొవ్వే కరిగి మూకుడు మెరుస్తుంది, గరిటె తిప్పితే గలగలమంటుంది. అప్పుడు దించాలి. మంట పెంచితే పైన మాడి చేదెక్కుతుంది, లోపల పచ్చిగా ఉండిపోతుంది. చల్లారాక అరచేతుల మధ్య నలిపి చాటలో చెరిగితే మిగిలిన రెక్కలు ఎగిరిపోతాయి. ఉంచేస్తే గొంతులో అతుక్కుంటాయి. ఉప్పు, కారం, నాలుగింతలు జొన్నపేలాలు కలిపితే చాలు. మొదటిసారి ఒక్క చెంచా తిని మర్నాటి దాకా ఆగండి. రొయ్యలు పడనివాళ్లు అసలు ముట్టకూడదు. రొయ్యతో దద్దుర్లు తెప్పించే ట్రోపోమయోసిన్ అనే మాంసకృత్తి పురుగుల్లోనూ ఉంటుంది.

పెంపకం ఇలకోళ్లయితే శుభ్రంగా ఉంటాయి, ఏడాది పొడవునా దొరుకుతాయి అన్న వాదన ఉంది. నిజమే, థాయ్‌లాండ్‌లో సిమెంటు తొట్లలో పెంచి నెలన్నరకే కోతకు తెస్తున్నారు. కానీ బిస్కెట్ పిండిలో కలిసిపోయిన పొడి తింటే పురుగు తిన్నట్టు నాలుకకు తెలియదు. మనసులో రోత ఎక్కడిదక్కడే ఉంటుంది.

అసలు చిక్కు వేరే ఉంది. అపార్ట్‌మెంట్ లైటు కింద పట్టినవి తినకూడదు. పునాదుల్లో చెదలకు క్లోర్‌పైరిఫాస్, ఇమిడాక్లోప్రిడ్ లాంటి మందులు పోసి ఉంటారు, వీధిలో దోమల ఫాగింగ్ ఉంటుంది. మందు తగలని చేను గట్టు కావాలి. అది నగరానికి ఏటేటా దూరం జరుగుతోంది. శంషాబాద్ వైపైనా మేడ్చల్ వైపైనా, వెంచర్ వేయగానే జేసీబీ కింద పుట్టలు చదునైపోతాయి. ఇలకోడిని తొట్లో పెంచొచ్చు గానీ బూజుతోట సాగుచేసే చెదకు కదిలించని నేల కావాలి. పుట్ట పోతే ఉసిళ్లూ కొక్కులే కాదు, వాన నీటిని లోపలికి దింపే ఆ సన్నటి సొరంగాలూ పోతాయి. లేఅవుట్‌లో పార్కుకని వదిలే స్థలమంతా నున్నటి లాన్ చేసి మందు చల్లడం మానేయాలి. ఇళ్లకు దూరంగా ఓ మూల పుట్టను తవ్వకుండా, మందు పడకుండా ఉంచమని కొనేవాళ్లే పట్టుబట్టాలి. ఆ మాట వెంచర్ మ్యాపు గీసేటప్పుడే అడగాలి, జేసీబీ దిగాక అడిగి లాభం లేదు.