స్పితి, లద్దాఖ్‌లను "ఖాళీ నేల" అనకండి

జూన్ వచ్చిందంటే చాలు, మన హైదరాబాద్, విజయవాడ కుర్రాళ్ల లద్దాఖ్ బైక్ ట్రిప్ రీల్స్ మొదలవుతాయి. బాగుంటాయి, నేనూ చూస్తాను. కానీ రోడ్డు వదిలేసి ఆ మైదానంలోకి బండి దించి, గుండ్రంగా తిప్పి దుమ్ము లేపి, కింద "ఇక్కడ ఏమీ లేదు బ్రో, అంతా ఖాళీ" అని రాస్తారు చూడండి, అక్కడ నాకు ఒళ్లు మండుతుంది. ఏమీ లేదని ఎవరు చెప్పారు?

హిమాచల్ ప్రదేశ్‌లోని స్పితి లోయలో కిబ్బర్ అని ఒక ఊరుంది, సముద్రమట్టానికి 4,200 మీటర్ల ఎత్తున. ఒక బాక్టీరియాకు ఆ ఊరి పేరే పెట్టారు, ఆర్నిథినిమైక్రోబియం కిబ్బరెన్స్ అని. కుంజుమ్ కనుమ పేరు మీద డైట్జియా కుంజామెన్సిస్ ఉంది, పక్కనున్న లాహౌల్ లోయ పేరు మీద అగ్రోకాకస్ లాహౌలెన్సిస్ ఉంది. అన్నీ ఆ శీతల ఎడారిలో దొరికినవే. చండీగఢ్‌లోని సూక్ష్మజీవ పరిశోధన సంస్థ ఇమ్‌టెక్ శాస్త్రవేత్తలు వీటిని కొత్త జాతులుగా 2006లో ప్రకటించారు. అంటే అప్పటిదాకా లోకానికి తెలియని జీవులు మన దేశపు మట్టిలోనే ఉన్నాయి, మనం మాత్రం ఆ మట్టిని ఖాళీ అంటున్నాం.

అక్కడ బతకడం ఏమంత తేలిక కాదు. లద్దాఖ్‌లోని లే పట్టణంలో ఏడాది మొత్తం కలిపి పడే వర్షపాతం సుమారు 100 మిల్లీమీటర్లు. కరవు జిల్లా అని మనం చెప్పుకునే అనంతపురంలోనే 550 దాకా పడుతుంది. చలికాలం నెలల తరబడి నేల గడ్డకట్టి ఉంటుంది, వేసవిలో పగలు మాడిపోయి రాత్రికి మళ్లీ చల్లబడిపోతుంది, గాలి పలచన కాబట్టి అతినీలలోహిత కిరణాలు సూటిగా దిగుతాయి. ఇలాంటి చోట్ల బాక్టీరియా చాలాకాలం నిద్రాణంగా ఉండి, చెమ్మ తగలగానే లేచి, దెబ్బతిన్న డీఎన్ఏను బాగుచేసుకుని పనిలో పడుతుంది. గాలి తిని బతికేవి కూడా ఉన్నాయి. అంటార్కిటికా ఎడారి మట్టిలో బాక్టీరియా గాలిలోని హైడ్రోజన్, కార్బన్ మోనాక్సైడ్‌ల నుంచే శక్తి తీసుకుంటోందని 2017లో తేలింది. గాలిలో హైడ్రోజన్ ఎంతని, పది లక్షల వంతుల్లో అర వంతు! అది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

అసలు టైరు కింద నలిగేది ఏంటో చెబుతాను. ఎడారి నేల మీద అక్కడక్కడా నల్లగా, గరుగ్గా ఒక పెచ్చు ఉంటుంది, మందం కొన్ని మిల్లీమీటర్లే. ఎండినప్పుడు కాలు పడితే అప్పడంలా పటపటా విరిగిపోతుంది. భూతద్దంలో చూస్తే అందులో సన్నటి దారాలు, ఆ దారాలకు అంటుకుని వేలాడే ఇసుక రేణువులు. ఆ దారాలు సయనోబాక్టీరియా, అంటే మొక్కల్లా ఎండతో తిండి తయారుచేసుకునే బాక్టీరియా, చాలా ఎడారుల్లో మైక్రోకోలియస్ అనే రకం. వాటి చుట్టూ జిగురు తొడుగు ఉంటుంది, ఇసుకను పట్టి ఉంచేది అదే. నలుపు కూడా మురికి కాదు, వాటిలో కొన్ని ఎండ దెబ్బ తగలకుండా తయారుచేసుకునే స్కైటోనెమిన్ అనే రంగు. నాలుగు చినుకులు పడితే దారాలు నిమిషాల్లో పైకి పాకుతాయి, నేల పచ్చబడుతుంది. ఎండిన నేల మీద చక్రం ఎక్కితే తెగిన దారాలు మళ్లీ అల్లుకోవడానికి నీళ్లేవీ? అందుకే అలాంటి పొడి ఎడారుల్లో ఒక్క టైరు గాడి పూడటానికి పదుల ఏళ్లు పడుతుంది. ఈలోగా గాలి ఆ ఇసుకను ఎత్తుకుపోతూనే ఉంటుంది.

ఈ సయనోబాక్టీరియాలో కొన్ని గాలిలోని నత్రజనిని నేలలో వేస్తాయి కూడా. వరి మడిలో నీలి ఆకుపచ్చ నాచు వేసే మన రైతుకు ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు, అదీ ఇదీ ఒకే కుటుంబం. లద్దాఖ్‌లో 6,150 మీటర్ల ఎత్తున కూడా మొక్కలు పెరుగుతున్నాయి, వాటి వేళ్లను పట్టుకుని ఉన్న బాక్టీరియాను శాస్త్రవేత్తలు పరిశీలించారు కూడా. మొక్క కంటే ముందు అక్కడ నేలను సిద్ధం చేసేది ఈ సూక్ష్మజీవులే.

బైకుల వాళ్లనే అని లాభం లేదు. దేశపు బంజరు భూముల అట్లాస్ తయారయ్యేది మన హైదరాబాద్‌లోని ఎన్ఆర్ఎస్‌సీ (జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం) సాయంతోనే. అందులో రాతి నేలలు, మంచు కప్పిన నేలలు కూడా బంజరు లెక్కలోకే వస్తాయి. లెక్కలో ఒకసారి బంజరు అని పడ్డాక ఇంకెవరు వంగి చూస్తారు? 2023 అక్టోబరులో కేంద్ర కేబినెట్ లద్దాఖ్‌లో 13 గిగావాట్ల పునరుత్పాదక విద్యుత్ ప్రాజెక్టు కోసం 20,773 కోట్ల రూపాయల లైన్లకు ఆమోదం తెలిపింది. మనకు సోలార్ కావాలి, అందులో నాకు రెండో మాట లేదు. కానీ సోలార్ ప్లాంట్లకు మన దేశంలో పర్యావరణ ప్రభావ మదింపు నుంచి మినహాయింపు ఉంది. అంటే చాంగ్‌పా పశువుల కాపర్లు మా మేత పోతుందని అడగడానికైనా ఉన్నారు, ఆ పెచ్చు తరఫున అడిగే కాగితం ఒక్కటి కూడా లేదు.

"బాక్టీరియా కోసం కరెంటు ఆపేస్తారా" అని కామెంట్ పెట్టేవాళ్లకు ముందే చెబుతున్నా, ఆపమనట్లేదు. సోలార్ పలకలు పాతే ముందు మట్టి సర్వే చేయించండి, పెచ్చు ఎక్కడ దట్టంగా ఉందో మ్యాపులో గుర్తించండి, లారీలు తిరిగే దారి ఒక్కటే ఖాయం చేసి ఇప్పటికే నలిగిన నేలనే వాడండి. ట్రిప్‌కు వెళ్లే తమ్ముళ్లూ, మీరూ అంతే, బండి రోడ్డు దించకండి, ఫొటో కావాలంటే రోడ్డు పక్కన ఆపి నడిచి వెళ్లండి, అదీ ముందు ఎవరో నడిచిన జాడలోనే.