సవరణ: ఎలుక డోర్సల్ హిప్పోక్యాంపస్‌కు కోతిలో సాటి ఏది?

ఎలుక, కోతి మెదళ్ల పోలిక పోస్టులో "ఎలుక డోర్సల్ హిప్పోక్యాంపస్‌కు కోతిలో ముందు భాగం సాటి" అని ఉంది. దాన్ని "వెనుక భాగం" అని చదవాలి. (హిప్పోక్యాంపస్ అంటే మెదడులో జ్ఞాపకాలకు ముఖ్యమైన భాగం; డోర్సల్ అంటే పై వైపు, వెంట్రల్ అంటే కింది వైపు.) ఎలుకలో హిప్పోక్యాంపస్ పైన సెప్టమ్ (మెదడు మధ్యలో ఉండే చిన్న భాగం) దగ్గర మొదలై, వెనక్కి వంగి కిందికి దిగుతుంది. కోతిలో టెంపోరల్ లోబ్ (చెవి పక్కన ఉండే మెదడు భాగం) లోపల ముందు నుంచి వెనక్కి పరుచుకుని ఉంటుంది. అందుకే ఎలుక వెంట్రల్ కొసకు సాటి, కోతిలో అమిగ్డలా (భయం వంటి భావాలకు సంబంధించిన భాగం) వెనకే ఉండే ముందు కొస. లీజన్ (మెదడులో ఒక భాగాన్ని దెబ్బతీసి చూసే ప్రయోగం) ఫలితాలు పోల్చేవాళ్లకు ఇది చాలా ముఖ్యం: నీటి తొట్టెలో దారి గుర్తుపెట్టుకోవడం ఎలుకకు డోర్సల్ భాగం పోతేనే బాగా దెబ్బతింటుంది.

అదే పోస్టులోని పట్టికలో ఎలుక పోస్ట్‌రైనల్ కార్టెక్స్ (హిప్పోక్యాంపస్ పక్కన ఉండే మెదడు పైపొర భాగం) ఎదుట కోతి పారాహిప్పోక్యాంపల్ కార్టెక్స్, అంటే టీహెచ్, టీఎఫ్ అనే ప్రాంతాలు ఉండాలి. దగ్గర్లోనే ఉండే పెరిరైనల్ కార్టెక్స్ మాత్రం ఎలుక, కోతి రెండింటిలోనూ 35, 36 అనే నంబర్లున్న ప్రాంతాలే. కాకపోతే కోతిలో దానికి ఎక్కువగా చూపు సమాచారం అందుతుంది, ఎలుకలో వాసన, వినికిడి కూడా గట్టిగానే చేరతాయి.