గోదారికి నీలం రంగు

ఫోటోని కాస్త కత్తిరించి వెలుతురు పెంచుకోవడానికి ఎన్ని తిప్పలండీ! ఎడిటింగ్ యాప్ అప్‌డేట్ అయిందంటే చాలు, నిన్నటిదాకా కళ్ళెదుట ఉన్న క్రాప్ బటన్ ఏ మెనూ అడుగునో దాక్కుంటుంది. దాని చోట తళుక్కుమంటూ ‘ఏఐ ఎన్‌హాన్స్’. వేలు తగిలిందో, అంతే సంగతులు.

సఖినేటిపల్లి రేవులో పంటు మీద, అదే గోదారి దాటించే పెద్ద పడవ మీద, తీసిన ఫోటో. వరద తీసిందేగానీ వశిష్ఠ గోదారి నిండా ఇంకా ఎర్రనీరే. యాప్ దాన్ని నీలంగా మార్చేసింది! మా అత్తయ్య ముఖమ్మీద ముడతలతో పాటు ముక్కుపుడకనీ తుడిచేసింది. “ఎవరే ఈ అమ్మాయి?” అని ఆవిడే అడిగింది.

2021లో గూగుల్ పిక్సెల్ 6 ఫోన్‌తో మ్యాజిక్ ఎరేజర్ వచ్చినప్పుడు భలే అనుకున్నాం. అడ్డొచ్చిన మనిషిని తీసేసి, చుట్టూ ఉన్నదాన్ని బట్టి ఆ ఖాళీని ఊహించి నింపుతుంది. ఊహేనండీ, నిజం కాదు. ఇప్పుడు ప్రతి యాప్‌కీ అదే పిచ్చి. వెదురుతో కట్టిన ఎత్తైన ప్రభల్ని భుజాల మీద మోసుకొచ్చే జగ్గన్నతోట ప్రభల తీర్థం ఫోటోలో జనాన్ని తీసెయ్యమంటే, మోసేవాళ్ళని కూడా తీసేసి ప్రభని గాల్లో నిలబెట్టింది. వెనక కొబ్బరిచెట్టుకి రెండు తలలు! జనం లేని తీర్థం ఎవరిక్కావాలంటారా? మా తమ్ముడికి, స్టేటస్ కోసం.

పైగా చాలా పనులకి ఫోటో ఎక్కడో సర్వర్‌దాకా వెళ్ళి రావాలి. మా లంకలో సిగ్నల్ ఒక్క గీత. అంతసేపు చక్రం తిరిగి తిరిగి, తీరా సేవ్ నొక్కితే ‘ప్రీమియం తీసుకోండి’ అంటుంది. డబ్బు కట్టకపోతే మూలన వాళ్ళ పేరు ముద్ర కొట్టి ఇస్తుంది. మండదూ మరి!