మూడు నిమిషాల గంట గారికి

మహారాజశ్రీ మూడు నిమిషాల గంట గారికి,

కూకట్‌పల్లి నుంచి నమస్కారాలు. ఉభయకుశలోపరి.

మీ కాపురం మా పెద్దమ్మకి రేకీ చేసే మాస్టర్ గారి ఫోన్‌లో. రేకీ అంటే ఒంటి మీద చేతులు ఉంచి శక్తి పంపుతామనే జపాన్ విద్య. వెనక వేణువు, సెలయేటి గలగల. మూడు నిమిషాలకోసారి మీరు 'టింగ్' అంటారు. అనగానే మాస్టర్ గారి చేతులు పెద్దమ్మ కళ్ళ మీంచి కణతలకు, కణతల నుంచి తల వెనక్కి, అక్కణ్ణుంచి గొంతుకు జరుగుతాయి. ఆయన ఫీజు ఎంతో ఇక్కడ రాయను గానీ, అందులో మీ వాటా సున్నా అని తెలిసి బాధేసింది.

ఎందుకంటే మొదటి రోజే ఆయన మాకు చెప్పారు: "నేనేం చెయ్యనండీ. ఎక్కడికి వెళ్ళాలో చేతులకే తెలుస్తుంది. అంతా ఇంట్యూషన్." మా పెద్దమ్మ దణ్ణం పెట్టేసింది. ఆ ఇంట్యూషన్‌కి సరిగ్గా నూట ఎనభై సెకన్లకోసారే ఎందుకు మెలకువ వస్తుందో అడగడానికి నాకు నోరు రాలేదు.

మీ వంశచరిత్ర కాస్త తిరగేశాను. 1922లో జపాన్‌లో, క్యోటో దగ్గరి కురామా కొండ మీద మికావో ఉసుయి 21 రోజులు ఉపవాసం చేసి ఈ విద్య పట్టాడంటారు. ఆయన పక్కన మీరు లేరు. జపాన్ పద్ధతిలో, జోడించిన చేతులు నుదుటికి ఆనించి, ఎక్కడ అవసరమో అక్కడికి నడిపించమని అడిగి కూర్చోవడం ఒకటుంది. దాన్ని రేజీ అంటారు. ఒంటి మీద అరచెయ్యి ఆడిస్తూ వెచ్చగానో జిల్లుమన్నట్టో తగిలినచోట ఆగడం ఇంకోటి, అది బ్యోసెన్. ఆ వేడి తగ్గేదాకా అక్కడే. మూడు నిమిషాలా ముప్పయ్యా అని గడియారం చూసే పని లేదు. తర్వాత నౌకాదళం నుంచి వచ్చిన చుజిరో హయాషి, ఆయన దగ్గర నేర్చుకుని హవాయి తీసుకెళ్ళిన హవాయో తకాటా, వీళ్ళ మీదుగా అమెరికా చేరేసరికి తల తర్వాత గొంతు, గొంతు తర్వాత గుండె అనే వరస గట్టిపడింది. మాస్టర్ దీక్షకు తకాటా గారు 10,000 డాలర్లు పుచ్చుకునేవారు. మన చక్రాలు అక్కడే అందులో కలిశాయి. కలిసి, అమీర్‌పేటలో జావా కోర్సు బోర్డు పక్కన లెవెల్ వన్, లెవెల్ టూ అయి తిరిగొచ్చాయి. సర్టిఫికెట్ లామినేషన్‌తో సహా.

తంతు మీద నాకు కోపం లేదండీ. హైదరాబాద్ వాళ్ళకి తంతు కొత్తా? మృగశిర కార్తె వస్తే చేప ప్రసాదం కోసం నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్‌లో క్యూ కట్టి, బతికున్న కొర్రమీను పిల్లని గుటుక్కున మింగే ఊరిది. మా నాయనమ్మ ఉప్పూ మిరపకాయలూ మూడుసార్లు తిప్పి పొయ్యిలో వేసేది. ఘాటు రాకపోతే దిష్టి గట్టిగానే తగిలిందని తేల్చేది. ఆవిడ దాన్ని ఏ రోజూ ఇంట్యూషన్ అనలేదు. పద్ధతి అంది, చేసింది, ఎసరు పెట్టుకోడానికి వెళ్ళిపోయింది.

అరచేతికి అన్నీ తెలుస్తాయన్న మాటను అమెరికాలో ఓ తొమ్మిదేళ్ల పిల్ల పరీక్షించింది. రేకీ మీద కాదు, దాని దూరపు చుట్టం, ఒంటికి కాస్త పైన చేతులు ఆడించి శక్తిని సరిచేస్తామనే థెరప్యూటిక్ టచ్ మీద. ఆ విద్య వచ్చిన 21 మందిని అట్ట తెరకు అటువైపు కూర్చోబెట్టి, నా చెయ్యి మీ ఏ చేతి మీద ఉందో చెప్పండి అంది. ఫలితాలు 1998లో అచ్చయ్యాయి: నూటికి 44 సార్లు సరిగ్గా చెప్పారు. బొమ్మా బొరుసా వేసుకున్నా యాభై వచ్చేవి.

ఇక అసలు విషయానికి వస్తాను. ఓ ఆదివారం మాస్టర్ గారి చేతులు పెద్దమ్మ మోకాళ్ళ మీద ఉండగా, క్రెడిట్ కార్డు ఇస్తామంటూ ఫోన్ వచ్చింది. ఆయన మోచేత్తో కట్ చేశారు. వేణువు ఆగిపోయింది. మీరూ మోగలేదు. కాసేపయ్యాక ఆయన ఒక కన్ను తెరిచి ఫోన్ వైపు చూశారు, మళ్ళీ మూశారు. కింద టిఫిన్ సెంటర్ వాడు గ్రైండర్ వేసి, పిండి తీసి, ఆపేశాడు కూడా. చేతులు మాత్రం మోకాళ్ళు వదల్లేదు. ఆ గదిలో ఇంట్యూషన్ అనేదే ఉంటే దానికి దొరికిన ఒకే ఒక్క అవకాశం అది. అదీ మీ కోసమే ఎదురుచూసింది.

పెద్దమ్మ హాయిగా గురక పెట్టింది. లేచి, "ఇవాళ బాగా పనిచేసిందిరా" అంది. చెయ్యదూ మరి! పెదనాన్న పోయాక ఆవిడ్ని ముట్టుకున్నది బీపీ చూసే నర్సూ, ఆధార్ వేలిముద్రల మిషనూ. జపాన్ శక్తి సంగతి నాకు తెలీదు గానీ, తొందర లేకుండా ఒంటి మీద చెయ్యి వేసే మనిషి మా అపార్ట్‌మెంట్‌లో ఏ ఫ్లోర్‌లోనూ దొరకడు.

అందుకని తమరికి రెండు మనవులు. మోకాళ్ళ దగ్గరికి వచ్చినప్పుడు కాస్త ఆలస్యంగా మోగండి. రెండోది, ఎనర్జీ బ్యాలెన్స్ అయితే మాత్రలు వాటంతటవే తగ్గిపోతాయని మాస్టర్ గారు అన్నప్పటి నుంచి ఆవిడ రాత్రిపూట బీపీ మాత్ర ఎగ్గొడుతోంది. ఎనిమిదిన్నరకి ఓసారి మోగి పుణ్యం కట్టుకోండి. మా మాట ఎలాగూ వినదు. మీ మాటైతే సాక్షాత్తూ మాస్టర్ గారే జవదాటరు.

ఇట్లు,
పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునే చెల్లెలి కొడుకు