మూడు లక్షల మంది ఉన్నారు, అంబేడ్కర్ లేరు

రిచర్డ్ అటెన్‌బరో 'గాంధీ' (1982)లో అంతిమయాత్ర సీన్ కోసం ఢిల్లీ రాజ్‌పథ్‌కు దాదాపు 3 లక్షల మంది వచ్చారు. తెర మీద అది రెండు నిమిషాల ముచ్చటే. తలలు లెక్కపెట్టి ప్రాతినిధ్యం తేల్చేస్తే ఈ సినిమాకు నూటికి నూరు వేయొచ్చు. నటీనటుల ఎంపికలోనూ పెద్దగా వంక పెట్టలేం. కస్తూర్బాగా రోహిణీ హట్టంగడి, నెహ్రూగా రోషన్ సేఠ్, పటేల్‌గా సయీద్ జాఫ్రీ, జిన్నాగా అలిక్ పదంసీ చేశారు. బెన్ కింగ్‌స్లీ కూడా కృష్ణ భాన్‌జీగా పుట్టినవాడే, తండ్రివైపు మూలాలు గుజరాత్‌వి.

కానీ ఎవరు కనిపించారన్నది సగం లెక్కే. ఎవరి పని ఎవరికి ఇచ్చారో చూడాలి. గుజరాత్‌లోని ధరాసణ ఉప్పు కొఠారుల సీన్ తీసుకోండి. వరుసలు వరుసలుగా సత్యాగ్రహులు ముందుకెళ్తారు, లాఠీలు దిగుతాయి, పడినవాళ్లను ఆడవాళ్లు మోసుకెళ్లి కట్లు కడతారు. ముందు నిలబడి మాట్లాడి ఆ దళాన్ని కదిలించేది మౌలానా ఆజాద్. 1930 మే 21న అక్కడ నాయకత్వం వహించింది సరోజినీ నాయుడు, మన హైదరాబాద్‌లో పుట్టిన సరోజినీ నాయుడు. సినిమాలో ఆమె పాత్ర లేదా అంటే ఉంది, తర్లా మెహతా వేశారు. అయినా ఆమె చేసిన పని చేతులు మారింది, ఆడవాళ్లకు స్ట్రెచర్లు మిగిలాయి. 'నిడివి సరిపోలేదు' అనే సమర్థన ఇక్కడ చెల్లదు. ఆజాద్ బదులు ఆమె నిలబడితే ఒక్క సెకను కూడా పెరిగేది కాదు.

అస్పృశ్యత విషయంలో మార్పు ఇంకా లోతుగా ఉంది. దక్షిణాఫ్రికా ఆశ్రమంలో మరుగుదొడ్డి శుభ్రం చేయడానికి కస్తూర్బా ఒప్పుకోదు, అది అంటరానివాళ్ల పని అంటుంది. గాంధీ ఆమెను గేటు దాకా ఈడ్చుకెళ్తాడు. నటన గొప్పగా ఉన్న సీన్, అనుమానం లేదు. గాంధీ ఆత్మకథలో ఈ గొడవ జరిగింది డర్బన్ ఇంట్లో. ఆ ఇంట్లో ఉంటున్న ఒక గుమాస్తా పంచమ (అంటరాని కులం) తల్లిదండ్రులకు పుట్టిన క్రైస్తవుడు. అతని గదిలోని మూత్రపాత్ర ఎత్తిపోయాల్సి రావడంతోనే రగడ మొదలైంది. సినిమా గొడవను ఉంచుకుని మనిషిని తీసేసింది. కులం సమస్య కాస్తా మొగుడూపెళ్లాల తగాదా అయింది, ఆ తగాదా గాంధీ మంచితనానికి పరీక్షగా మారింది.

అంబేడ్కర్ లేకపోవడం ఇదే దారిలో తర్వాతి అడుగు. కథ 1931లో లండన్ రౌండ్ టేబుల్ సమావేశానికి వెళ్తుంది. అక్కడ దళితులకు ప్రత్యేక నియోజకవర్గాలు, అంటే దళితులే ఓటేసి తమ ప్రతినిధిని ఎన్నుకునే సీట్లు కావాలని గాంధీతో తలపడినవారు అంబేడ్కరే. మరుసటి ఏడాది సెప్టెంబరు 20న గాంధీ వాటికి వ్యతిరేకంగా నిరాహారదీక్షకు దిగారు, 24న అంబేడ్కర్‌తో పూనా ఒడంబడిక కుదిరింది. బ్రిటిష్ ప్రభుత్వం ప్రకటించిన కమ్యూనల్ అవార్డు ప్రత్యేక నియోజకవర్గాలతో దళితులకు ఇచ్చిన 71 సీట్లు పోయి, అందరూ ఓటేసే ఉమ్మడి నియోజకవర్గాల్లో 148 రిజర్వ్ సీట్లు వచ్చాయి. ఇది సినిమాలో లేదు. బ్రిటిష్ వారి మీదో, మతకల్లోలాల మీదో చేసే దీక్షలో గాంధీ తప్పు పట్టడానికి వీల్లేని మనిషి. 1932 దీక్ష ఎవరి మీద ఒత్తిడి పెట్టిందో చూపిస్తే ఆ చిత్రం చెదురుతుంది. సీన్ పోవడానికి కారణం నిడివి కంటే ఇదేనని నా అభిప్రాయం.

3 గంటల 11 నిమిషాల సినిమాలో ఒక జీవితమంతా పట్టదన్నది నిజమే, ఆ మాట మొదట్లో తెర మీదే రాశారు. మరి మార్టిన్ షీన్ వేసిన వాకర్ అనే విలేకరి కల్పిత పాత్ర. దక్షిణాఫ్రికాలోనూ అతనే, ధరాసణలోనూ అతనే. పాశ్చాత్య ప్రేక్షకుడికి ఒక కన్ను కావాలి కాబట్టి పెట్టారు. లేని మనిషికి దొరికిన చోటు ఉన్న మనిషికి దొరకలేదు.

'గాంధీ'లో భారత ప్రభుత్వ సినిమా సంస్థ ఎన్‌ఎఫ్‌డీసీ డబ్బు కూడా ఉంది. అదే సంస్థ నిర్మాణంలో భాగమై, జబ్బార్ పటేల్ దర్శకత్వంలో 2000లో వచ్చిన అంబేడ్కర్ సినిమాలో మమ్ముట్టి అంబేడ్కర్‌గా చేశారు. అందులో గాంధీ ఉన్నారు, పూనా ఒడంబడికా ఉంది.